పిక్క బరువు, పప్పు బరువు

శ్రీకాకుళం జిల్లా పలాస నుంచి సరుకు పంపాలంటే ఎవరైనా ముందు దూరం లెక్క తీస్తారు. ఈ తీరం చరిత్ర చూస్తే ఖర్చు దూరం వల్ల కంటే రెండు చోట్ల ఎక్కువగా పుట్టింది: సరుకు చేతులు మారిన చోట, అక్కరలేని బరువు మోసిన చోట. బ్రిటిషు కాలంలో బారువ, కళింగపట్నం రేవుల్లో ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు, దూరంగా లంగరు వేసుకుని నిలబడేది. బస్తా బండి దిగి, కూలీ భుజమెక్కి, పడవలో అలలు దాటి, మళ్లీ ఓడెక్కాలి. సముద్రం మీద వందల మైళ్లు చవగ్గా సాగే ప్రయాణానికి ఆ కాస్త నీరే పెద్ద ఖర్చు. 1890ల్లో మద్రాసు, కలకత్తాలను కలిపే రైలు మార్గం వచ్చాక ఈ రేవులు వెలవెలబోవడానికి ఇదో ముఖ్య కారణమని నా నమ్మకం.

రైలు వచ్చినా చేతులు మారే బెడద పోలేదు. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో నౌపడా నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి నడిచింది, 1931 నాటికి గుణుపురం చేరింది. దాని పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు, నౌపడాలో కలిసే పెద్ద లైనుది ఐదున్నర. లోపలి నుంచి వచ్చిన ప్రతి బస్తానూ అక్కడ దింపి ఎత్తాల్సిందే. నౌపడా ఉప్పు మాత్రం అక్కడే బండెక్కి నేరుగా లోపలి ఊళ్లకు పోగలిగేది. 2004లో చిన్న రైలు ఆగింది. 2011కి గుణుపురం దాకా పెద్ద లైను పడ్డాకే ఆ దింపుడు, ఎత్తుడు తప్పింది.

ఉప్పును ఎంత చేసినా తేలిక చేయలేం. జీడిపిక్కను చేయొచ్చు. పలాస–కాశీబుగ్గ నిలదొక్కుకున్నది ఈ తేడా మీదే. 80 కిలోల బస్తా పిక్కలు కాల్చి, పెంకు కొట్టి, పొట్టు తీస్తే మిగిలే పప్పు 20 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. తోట పక్కనే ఆ పని జరిగితే ఊరు దాటేది నాలుగో వంతు బరువే. పెంకు ఇక్కడి పొయ్యిల్లోకే పోతుంది. పక్కనున్న ఉద్దానం కొబ్బరికాయ కూడా పీచు వొలిపించుకున్నాకే లారీ ఎక్కుతుంది.

మరి ఆఫ్రికా పిక్కలు పెంకుతోనే సముద్రాలు దాటి పలాసకు ఎందుకొస్తున్నాయని అడగొచ్చు. సరైన ప్రశ్నే. ఆ పెంకే దారిలో పప్పుకు కాపు, పైగా ఓడ కిరాయి కిలోకు తక్కువ. కొబ్బరికాయకు పిలక వదిలేదీ ఇందుకే, కళ్లు తెరుచుకుంటే కాయ పాడవుతుంది. కాబట్టి బరువు ఎప్పుడు వదిలించుకోవాలన్నదే అసలు లెక్క: చవక ప్రయాణం అయ్యాక, ఖరీదైన ప్రయాణానికి ముందు. అయితే ఈ ఆదా గాలిలోంచి పుట్టలేదు. పెంకులోని జీడి రసం చర్మాన్ని కాలుస్తుంది. ఆ పెంకు కొట్టి, పొట్టు వొలిచిన ఆడవాళ్ల వేళ్లే ఆ కిరాయి తగ్గించాయి. ఆ లెక్క రాయకుండా పలాస వ్యాపార దక్షతను మాత్రమే పొగడటం అన్యాయం.

ఇప్పుడు చిన్న వ్యాపారి కిలో పప్పును నేరుగా వినియోగదారుడి ఇంటికి పంపుతున్నాడు. రూపం మారినా ఖర్చు ఆ అక్కరలేని బరువు దగ్గరే పుడుతోంది. చాలా కొరియర్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. వచ్చిన అంకె అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే డబ్బు. 30, 25, 20 కొలతల పెట్టెలో కిలో పప్పు పెడితే మూడు కిలోల కిరాయి, అందులో ఎక్కువ భాగం గాలికే. 25, 16, 8 పెట్టె అయితే ఆ బాధ లేదు. కానీ పెట్టెతో కలిపి 1,080 గ్రాములు తూగితే, అరకిలో మెట్ల చొప్పున తీసుకునేచోట 1,500 గ్రాముల ధర పడుతుంది. అదే కిరాయికి ఇంకో పావుకిలో పొట్లం వెళ్తుంది. దాన్ని కొనిపించడం కిరాయి బేరం కంటే లాభం. మరీ బిగించి కుక్కితే గుండు పప్పు బద్దలై ధర పడిపోతుందని అనుభవజ్ఞులు చెప్పే అభ్యంతరం నిజమే. పెట్టె సరిపోవాలి గాని పప్పును నలపకూడదు.

పెద్ద కంపెనీలకు దొరికే రేటు చిన్నవాడికి దొరకదన్నది ఇంకా బలమైన వాదన. దుకాణాలకు పంపేటప్పుడు నలుగురి డబ్బాలు ఒకే లారీలో వేసుకోవడం దానికి పాత జవాబు. ఆర్టీసీ పార్సిల్, రైల్వే పార్సిల్ కూడా అలాంటి చోట్లకు బాగా పనికొస్తాయి, సరుకును స్టాండులోనో స్టేషన్లోనో దించుకోవచ్చు గనుక. ఇంటింటి పార్సిళ్లకూ నలుగురూ కలిసి ఒకే ఖాతా మీద పంపితే రేటు అడిగే బలం వస్తుంది. ఇక పిక్క లోపలికి వచ్చే దారి సంగతి: 2023 ఏప్రిల్‌లో ఇదే తీరంలో మూలపేట ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. ఆఫ్రికా పిక్క అక్కడే దిగగలిగితే పలాసకు లారీ ప్రయాణం బాగా తగ్గుతుంది. అయితే కొద్ది బస్తాలు తెప్పించుకునే చిన్నవాళ్ల సరుకును కలిపి దింపి, విడదీసి ఇచ్చే గిడ్డంగి రేవులోనే ఉండాలి. అది లేకపోతే ఆ తగ్గింపు ఓడ నిండా తెప్పించుకోగల నలుగురైదుగురి దగ్గరే ఆగిపోతుంది.