వర్జీనియా సటీర్: ఇంటిల్లిపాదికీ ఒకేచోట చికిత్స

కుటుంబమంతటినీ ఒకే గదిలో కూర్చోబెట్టి చికిత్స చేసే ఫ్యామిలీ థెరపీ 1950లలో అమెరికాలో రూపుదిద్దుకుంది. దానికి పునాది వేసినవారిలో ఎక్కువమంది సైకియాట్రిస్టులు, అందులోనూ మగవారు. సోషల్ వర్క్ చదివి వచ్చి వారి సరసన నిలిచిన మహిళ వర్జీనియా సటీర్ (1916–1988).

సటీర్ విస్కాన్సిన్ రాష్ట్రంలోని నీల్స్‌విల్‌లో ఐదుగురు పిల్లల్లో పెద్దదిగా పుట్టింది. ఐదేళ్ల వయసులో ఆమెకు అపెండిసైటిస్ వచ్చింది. ప్రార్థనతోనే జబ్బులు నయమవుతాయనే క్రిస్టియన్ సైన్స్ శాఖను నమ్మిన తల్లి డాక్టరుకు చూపించనివ్వలేదు. తండ్రి ఆమె మాట కాదని ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే అపెండిక్స్ పగిలిపోయింది. పాప ప్రాణం దక్కింది గానీ కొన్ని నెలలు మంచం మీదే గడపాల్సి వచ్చింది. పెద్దవాళ్ల మధ్య పైకి కనిపించనిదేదో నడుస్తుంటుందని ఆ వయసులోనే తనకు తోచిందనీ, పిల్లల తరఫున తల్లిదండ్రుల గుట్టు విప్పే డిటెక్టివ్ కావాలనుకున్నాననీ సటీర్ తర్వాతి కాలంలో చెప్పేది.

పెద్ద కూతురికి హైస్కూలు చదువు అందాలని తల్లి పట్టుబట్టడంతో కుటుంబం 1929లో పొలం వదిలి మిల్వాకీ నగరానికి మారింది. ఆర్థిక మాంద్యం రోజుల్లో చిన్నాచితకా పనులు చేసుకుంటూ సటీర్ 1936లో టీచర్ ట్రైనింగ్ పట్టా అందుకుంది. టీచరుగా ఉన్నప్పుడు విద్యార్థుల ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులను కలిసేది. తరగతిలో పిల్లవాడి తీరుకు మూలం చాలాసార్లు ఇంట్లోనే ఉంటుందని ఆమెకు అర్థమైంది. ఆ తర్వాత షికాగో విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ చదివి 1948లో మాస్టర్స్ పూర్తిచేసింది.

అప్పట్లో అమెరికాలో ఫ్రాయిడ్ సంప్రదాయానిదే పైచేయి. రోగి ఒక్కడే థెరపిస్టు ముందుకు రావాలి, బంధువులను దగ్గరికి రానివ్వకూడదు. 1951లో ప్రైవేటు ప్రాక్టీసు పెట్టిన సటీర్ మొదట్లోనే ఈ గీత దాటింది. స్కిజోఫ్రీనియా ఉందని ముద్రపడిన ఒక యువతి ఆమె దగ్గర కొన్ని నెలల్లోనే కోలుకోసాగింది. ఈలోగా ఆ అమ్మాయి తల్లి ఫోన్ చేసి, కూతురిని తనకు దూరం చేస్తున్నందుకు కేసు వేస్తానని బెదిరించింది. ఆ బెదిరింపు వెనక బతిమాలే గొంతు విన్న సటీర్ ఆమెనూ రమ్మంది. తల్లి గదిలో అడుగుపెట్టగానే కూతురు మళ్లీ పాత స్థితికి జారిపోయింది. అప్పుడు తల్లీకూతుళ్లిద్దరితో కలిపి పని మొదలైంది. కొన్నాళ్లకు తండ్రి, ఆ తర్వాత కొడుకు కూడా వచ్చారు. ఒక్కొక్కరు చేరినప్పుడల్లా ఇంటి వ్యవహారం కొత్తగా కనిపించింది.

1959లో సైకియాట్రిస్టులు డాన్ జాక్సన్, జూల్స్ రిస్కిన్‌లతో కలిసి సటీర్ కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మెంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పింది. ఫ్యామిలీ థెరపీలో పద్ధతి ప్రకారం తొలి శిక్షణ అక్కడే ఆమె చేతుల మీదుగా సాగింది. 1964లో వచ్చిన ఆమె పుస్తకం ‘కన్జాయింట్ ఫ్యామిలీ థెరపీ’ ఈ రంగంలో పాఠ్యగ్రంథమైంది.

కష్టం రావడం కన్నా, దాన్ని ఎదుర్కొనే తీరే మనుషులను ఎక్కువగా దెబ్బతీస్తుందని సటీర్ వాదన. ఒత్తిడిలో మనుషులు మాట్లాడే తీరును ఆమె నాలుగు రకాలుగా విడదీసింది: ఎదుటివారిని మంచి చేసుకోవడానికి తప్పంతా తనదేననడం, నెపం అవతలివాళ్ల మీదికి నెట్టడం, మనసు దాచుకుని తర్కం మాత్రమే మాట్లాడటం, మాట దారి మళ్లించడం. నాలుగింటికీ మూలం ఆత్మగౌరవం సన్నగిల్లడమే. మనసులో ఉన్నదీ నోట పలికేదీ ఒకటిగా ఉండే ఐదో తీరును నేర్పడం చికిత్స లక్ష్యం.

దీన్ని ఆమె ఉపన్యాసంతో కాక శరీరంతో నేర్పేది. భర్తను వేలు చూపిస్తూ నిలబడమనేది, భార్యను మోకాళ్ల మీద కూర్చుని చేయి చాచమనేది. కాసేపు కదలకుండా ఉండేసరికి ఒకరికి భుజం లాగేది, ఇంకొకరికి మెడ పట్టేసేది. ఇంట్లో రోజూ పడుతున్న శ్రమ ఏమిటో అప్పుడు ఇద్దరికీ తెలిసొచ్చేది. ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని ఒకరి మంచిని ఒకరు మెచ్చుకోవడం, కొత్త సంగతులు చెప్పుకోవడం, అర్థంకానివి అడగడం, ఫిర్యాదుతో పాటే దానికి తోచిన పరిష్కారం కూడా చెప్పడం, ఆశలు పంచుకోవడం అనే ఐదంచెల అభ్యాసాన్నీ ఆమె రూపొందించింది.

విమర్శలూ తప్పలేదు. ఈ వృత్తికి మంచి మనసొక్కటే చాలదని, శాస్త్రీయమైన పద్ధతి కావాలని 1974లో మరో ఫ్యామిలీ థెరపిస్టు సాల్వడార్ మినూచిన్ ఆమెతో వాదించాడు. ఆ తర్వాత సటీర్ ఈ రంగపు పెద్దల చర్చలకు దూరమై, దేశదేశాల్లో వర్క్‌షాపులు నడిపింది. తన పద్ధతిలో శిక్షణ ఇవ్వడానికి 1977లో అవాంటా నెట్‌వర్క్‌ను స్థాపించి, 1988 సెప్టెంబరులో చనిపోయేదాకా పనిచేసింది.

ఆమె పద్ధతిలో చాలా భాగం ఆమె వ్యక్తిత్వం మీద ఆధారపడింది కాబట్టి అది ఆమెతోపాటే కొంత పలచబడింది. అయితే తప్పెవరిదో తేల్చే బదులు ఇద్దరి మధ్య ఏం జరుగుతోందో చూడాలన్న ఆమె పట్టుదల మాత్రం నేటి దాంపత్య కౌన్సెలింగ్‌కు ప్రాథమిక పాఠంగా నిలిచింది.