సున్నిపిండి, సికా క్రీము: ఒక పాత చుట్టరికం



ఈ మధ్య మన తెలుగువాళ్ళ ఇళ్ళకి పండగ భోజనానికి వెళితే, స్నానాల గది అలమరలో ఒక పక్క కొబ్బరినూనె డబ్బా, ఇంకో పక్క కొరియా అక్షరాలున్న బుల్లి బుల్లి సీసాలు కనిపిస్తున్నాయి. ఇక్కడ టొరంటోలో నార్త్ యార్క్ వైపు యంగ్ స్ట్రీట్ మీద కొరియా కొట్లకి వెళితే మన పిల్లలు కనీసం ఇద్దరు ముగ్గురు ఎదురవుతారు. నేను సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని, చర్మవైద్యుణ్ణి కాను. కానీ చరిత్ర చదవడం నాకు సరదా, సీసా వెనక చిన్న అక్షరాలు చదవడం నాకున్న జబ్బు. ఈ రెండూ కలిపి ఇవాళ నాలుగు మాటలు చెబుతాను.

ముందు పెసలతో మొదలుపెడదాం. కొరియాని జొసోన్ రాజులు ఏలిన రోజుల్లో, అంటే 1392 నుంచి దాదాపు అయిదువందల ఏళ్ళు, అక్కడి ఆడవాళ్ళు మొహం కడుక్కోవడానికి "జోదు" అనే పిండి వాడేవారు. పెసలు, ఎర్ర అలసందల్లాంటి చిన్న గింజలు మెత్తగా విసిరి జల్లించిన పిండి అది. ఇంకేముంది, సున్నిపిండే! మనం పెసలకి శనగపప్పు, బియ్యం, కచ్చూరాలు, వట్టివేళ్ళు, బావంచాలు కలుపుకున్నాం, వాళ్ళు వాళ్ళకి దొరికినవి కలుపుకున్నారు. 1809లో బింగ్‌హొగాక్ అనే గృహిణి ఇంటిపనుల మీద రాసిన "గ్యుహాప్ చోంగ్సో" అనే పుస్తకంలో వంటలు, బట్టల అద్దకాలతో పాటు మొహానికి, జుట్టుకి సంబంధించిన చిట్కాలూ ఉన్నాయి. అంతకు రెండువందల ఏళ్ళ ముందు, 1613లో అచ్చయిన హొ జున్ గారి వైద్యగ్రంథం "దోంగుయ్ బోగమ్"లో చర్మానికీ జుట్టుకీ విడివిడిగా భాగాలున్నాయి. ఆ గ్రంథాన్ని 2009లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చారు.

ఇక వస సంగతి. చాంద్రమానం ప్రకారం అయిదో నెల అయిదో రోజున కొరియావాళ్ళకి "దానో" పండగ. ఆ రోజు ఆడవాళ్ళు "చాంగ్‌పో" అనే మొక్కని నీళ్ళలో మరిగించి, ఆ నీళ్ళతో తలంటుకునేవారు. జుట్టు నిగనిగలాడుతుందనీ, కీడు పోతుందనీ నమ్మకం. ఆ చాంగ్‌పో ఏమిటో తెలుసా అండీ? మన వస! చంటిపిల్లలకి మాటలు రావాలని అమ్మమ్మలు అరగదీసి నాకించే వసకొమ్ము. ఎడతెరిపి లేకుండా మాట్లాడేవాళ్ళని "వసపిట్ట" అంటామే, ఆ వస. మనం నాలిక మీద రాశాం, వాళ్ళు నెత్తిన పోసుకున్నారు. (పనిలో పనిగా ఒక మాట. వసలో ఉండే ఒక పదార్థం మంచిది కాదని అమెరికాలో 1968 నుంచి దాన్ని తినే వస్తువుల్లో కలపనివ్వడం లేదు. కాబట్టి పిల్లలకి నాకించే ముందు మీ డాక్టరుని అడగండి.)

అన్నిటికన్నా పెద్ద కథ సరస్వతి ఆకుది. కొరియా సీసాల మీద "సికా" అని కనిపిస్తే నూటికి తొంభై పాళ్ళు అది సరస్వతి ఆకే. జాబితాలో "సెంటెల్లా ఏషియాటికా" అని ఉంటుంది. మన ఊళ్ళలో చెరువుగట్ల మీద, తడి ఉన్న చోటల్లా పాకుతుంది. జ్ఞాపకశక్తి పెరుగుతుందని పిల్లలకి పెట్టేవాళ్ళు. చర్మం సంగతికి వస్తే, 1940లలో మడగాస్కర్ దీవిలో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు, అక్కడి శాస్త్రజ్ఞులు దీన్ని కుష్ఠురోగుల పుళ్ళ మీద వాడి చూశారు. 1941లో దీంట్లోంచి ఏషియాటికోసైడ్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఆ పరిశోధనలోంచి మడెకాసోల్ అనే పుండు మందు పుట్టింది. దాన్ని 1970 నుంచి కొరియాలో డోంగ్‌కుక్ అనే మందుల కంపెనీ అమ్ముతోంది. మనకి బర్నాల్ ఎలాగో కొరియా ఇళ్ళలో అది అలాగ. పిల్లాడి మోకాలు చెక్కుకుపోతే అదే రాస్తారు. 2015లో ఆ కంపెనీయే అదే ఆకు సారంతో మొహానికి క్రీము తెచ్చింది. అంటే సికా వెనక కొరియా రహస్యం ఏమీ లేదు. మన చెరువుగట్టు ఆకు, మడగాస్కర్ పరిశోధన, ఫ్రెంచి రసాయనం, కొరియా మార్కెటింగు, అంతే. కానీ ఒకటి ఒప్పుకోవాలి. దీంట్లోని పని చేసే పదార్థం ఏదో విడదీసి, దేనికి వాడాలో సీసా మీద రాసింది మనం కాదు. ఎర్రబడిన, మండుతున్న, పొర దెబ్బతిన్న చర్మానికి సికా. దీంతో మచ్చలు పోవు, రంగు రాదు.

బావంచాలది కూడా ఇలాంటి కథే. బొల్లికి మన ఆయుర్వేదంలో ఎప్పట్నుంచో వాడుతున్న గింజ. దీంట్లో సొరాలెన్ అనే పదార్థం ఉంది, అది ఒంటికి తగిలాక ఎండ పడితే చర్మం కమిలిపోతుంది. ఆ గుణాన్నే ఆసరా చేసుకుని 1970లలో హార్వర్డ్‌లో డాక్టర్లు సొరాలెన్ ఇచ్చి, అతినీలలోహిత కిరణాలు పట్టించి సోరియాసిస్‌కి వైద్యం చేశారు. ఎవరికి ఎంత మోతాదు పట్టించాలో తేల్చుకోవడానికి 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే డాక్టరు చర్మాలని తరగతులుగా విడగొట్టారు. మొదట అన్నీ తెల్లచర్మం తరగతులే. మన చామనచాయ, నలుపు చర్మాలకి అయిదు, ఆరు నంబర్లు ఆ తరవాత వచ్చి చేరాయి. ఇప్పుడు ఇంటర్నెట్‌లో "మీ చర్మం టైపు ఏది" అని పరీక్ష పెడతారే, దాని పుట్టుక ఇదీ. అదే బావంచాల నుంచి 1966లో భారతీయ శాస్త్రజ్ఞులు బాకుచియాల్ అనే ఇంకో పదార్థం తీశారు. ఇవాళ అది రెటినాల్‌కి బదులుగా సీరంలలో కనిపిస్తోంది. శుద్ధి చేసిన బాకుచియాల్‌లో సొరాలెన్ ఉండదు కాబట్టి ఆ ఎండ భయం లేదు. గింజలు దంచి మొహానికి రాసుకుంటే మాత్రం ఉంది.

ఇప్పుడు కష్టమైన విషయానికి వద్దాం, రంగు. ఇది మన ఇళ్ళలో ఎప్పుడూ ఉన్న జబ్బే. కొరియాలోనూ ఉంది. 1910లలో అక్కడ "పాక్‌గాబున్" అనే తెల్ల పౌడరు మొదలైంది. ఫ్యాక్టరీలో తయారయి దేశమంతా అమ్ముడుపోయిన కొరియా సౌందర్య సాధనాల్లో అదే మొట్టమొదటిదని చెబుతారు. తెల్లగా అంటుకోవడానికి దాంట్లో సీసం కలిపేవారు. వాడినవాళ్ళ మొహాలు పాడయ్యాయి, విషం ఎక్కింది. చివరికి 1937లో మూతపడింది. మనకి 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. పెళ్ళిచూపులు, ఉద్యోగాలు, అన్నిటికీ ఆ ట్యూబే మందన్నట్టు ప్రకటనలు. 2020లో పేరు మార్చారు, ట్యూబు మాత్రం ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

కొరియాలో 2000లో అమలుకి వచ్చిన చట్టం కొన్ని సాధనాలని "పని చేసేవి" అని వేరే తరగతిగా పెట్టింది. ప్రభుత్వానికి ఆధారాలు చూపించాలి. ఆ తరగతిలో ముడతలు, ఎండ రక్షణతో పాటు "తెలుపు" కూడా ఉంది. సీసా మీద "వైటెనింగ్" అని చదివి మన పిన్నిగార్లు, అత్తయ్యలు ఆశపడతారు. కానీ ఆ తరగతిలో వాడే నయాసినమైడ్, ఆర్బుటిన్ లాంటివి చేసేది మచ్చ దగ్గర అదనంగా పేరుకునే రంగుని తగ్గించడం. పుట్టుకతో వచ్చిన చాయ మారదు, మారకూడదు కూడా. పన్నెండేళ్ళ పిల్ల చేతిలో సీరం పెట్టి "ఇది రాస్తే కాస్త రంగు వస్తావే" అనే మాట నేను ఇక్కడ, కెనడాలో, చదువుకున్న ఇళ్ళలోనే విన్నాను. పిల్ల ఏమీ అనలేదు, సీసా తీసుకుని లోపలికి వెళ్ళింది. ఏ సీసాలో ఏముందో నేను వెతకడం మొదలుపెట్టింది ఆ తరవాతే. నిజంగా రంగు మార్చేస్తామనే క్రీముల్లో పాదరసమో, స్టెరాయిడో ఉండే ప్రమాదం ఉంది. పాదరసం కలిపిన క్రీములు కెనడాలో అమ్మకూడదు. ఊరినించి వచ్చేవాళ్ళ సూట్‌కేసుల్లో మాత్రం వస్తూనే ఉంటాయి.

మరి ఎలా ఎంచుకోవాలి? దీనికీ ఒక చరిత్ర ఉంది. కెనడాలో 2006 నవంబరు నుంచి, కొరియాలో 2008 అక్టోబరు నుంచి, సౌందర్య సాధనాల మీద కలిపినవన్నీ రాయాలని చట్టం. అంతకుముందు కంపెనీ చెప్పిందే వేదం. 2016లో ఇక్కడ టొరంటోలోనే డెసియెమ్ అనే కంపెనీ "ది ఆర్డినరీ" పేరుతో, పదార్థం పేరూ శాతమూ సీసా ముందే అచ్చువేసి అమ్మింది. దాంతో కాలేజీ పిల్లలు కూడా రసాయనాల పేర్లు అప్పజెప్పడం మొదలుపెట్టారు. జాబితాలో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తరవాత. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవి ఎటైనా రాసుకోవచ్చు. ఫినాక్సీ ఎథనాల్ అనే నిల్వమందుని కొరియాలో ఒక శాతం మించి వాడకూడదు. కాబట్టి జాబితాలో దాని వెనక ఉన్నవేవీ ఒక శాతం దాటవు. ముందు పెద్ద అక్షరాలతో "సరస్వతి ఆకు" అని బొమ్మ వేసి, వెనక చిట్టచివర రాసి ఉంటే, మీకే అర్థమవుతుంది.

కెనడా చలికాలంలో మన బాధల్లో మొదటిది పొడి. బయట చలి, లోపల ఫర్నేసు వేడి, గాలిలో తేమ ఉండదు. చర్మం పైపొర కొంచెం ఆమ్లంగా ఉంటుందని 1928లోనే జర్మనీ శాస్త్రజ్ఞులు చెప్పారు. మామూలు సబ్బు క్షారం. ఆ పొర చెదురుతుంది. విజయవాడ ఉక్కపోతకి హాయిగా ఉండే సున్నిపిండి రుద్దుడు జనవరిలో ఎడ్మంటన్‌లో పనికిరాదు. నురగ తక్కువ ఉన్న క్లెన్సరు, తడి ఆరకముందే సెరమైడ్, గ్లిజరిన్ ఉన్న క్రీము, అంతే చాలు. ఆ పది మెట్ల పద్ధతి 2010లలో అమెరికా పత్రికలు మోగించిన డప్పు. మొటిమలు మానాక మిగిలే నల్లమచ్చలకి నయాసినమైడ్, అజెలాయిక్ ఆమ్లం. మంగుకి ముందు సన్‌స్క్రీను, తరవాతే ఇంకేదైనా, డాక్టరుని అడిగి. సన్‌స్క్రీను కెనడాలో మందు కింద లెక్క, డిన్ లేదా ఎన్పీఎన్ అని ఎనిమిది అంకెల నంబరు ఉండాలి. పోస్టులో తెప్పించుకున్న దాని మీద అది ఉండకపోవచ్చు. 2020 డిసెంబరులో బాగా పేరున్న ఒక కొరియా సన్‌స్క్రీను మీద 50కి పైగా అని రాసి ఉంటే, ఐరోపా ల్యాబులో పరీక్షిస్తే 20 కూడా రాలేదు. శాకాహారులు "స్నెయిల్ సెక్రిషన్" అన్న మాట కోసం కూడా చూడండి, అది నత్త జిగురు.

తల సంగతి. చుండ్రుకి కారణం మలస్సీజియా అనే బూజు. అది మాడు మీది నూనె తిని బతుకుతుంది. చుండ్రు ఉన్నవాళ్ళు రాత్రంతా నూనె పట్టించుకుని పడుకుంటే దానికి విందు పెట్టినట్టే. ఇది మా అమ్మ ఒప్పుకోదు, అది వేరే సంగతి. కీటోకొనజోల్, జింక్ పైరిథియాన్ లాంటి పదార్థం ఉన్న షాంపూ రాసి అయిదు నిముషాలు ఆగి కడగాలి. "జుట్టు రాలడం తగ్గిస్తుంది" అని కొరియాలో 2017 నుంచి ఒక తరగతి షాంపూలకి అనుమతి ఉంది. మాడుకి హాయిగా ఉంటుంది, కొత్త జుట్టు మాత్రం మొలవదు. కాన్పు తరవాతో, పెద్ద జ్వరం తరవాతో రెండుమూడు నెలలకి కుచ్చులుగా రాలితే షాంపూ మార్చడం కన్నా ఇనుము, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవడం మేలు.

కొత్త సీసా ఏది కొన్నా మోచేతి లోపలివైపు నాలుగైదు రోజులు రాసి చూసుకుని, ఆ తరవాతే మొహానికి రాయండి. కుంకుడుకాయల గురించి, షాంపూ అనే మాట మన "చంపీ" నుంచి ఇంగ్లీషులోకి ఎలా వెళ్ళిందనే దాని గురించి వచ్చేవారం మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు.