తాళంచెవి లేని ఆస్తి

పత్రం ఒకరి దగ్గరా, అధికారం మరొకరి దగ్గరా వుండటం ఆస్తిహక్కు చరిత్రలో కొత్త కాదు. 2021లో ఫిలిప్పైన్స్‌లో జరిగిందీ అదేనని నా అభిప్రాయం.

వియత్నాం కంపెనీవారి యాక్సీ ఇన్ఫినిటీ ఆట ఆడాలంటే అప్పుడు మూడు బొమ్మజంతువులు కొనాలి. అవి ఎన్‌ఎఫ్‌టీలు, అంటే "ఇది నీది" అని బ్లాక్‌చెయిన్ ఖాతాలో నమోదైన పత్రాలు. కరోనాకాలంలో పనులు పోయిన పేదలకు వాటిని కొనే స్తోమతు లేదు. వున్నవాళ్లు వాటిని పాలుకిచ్చి, రాబడిలో వాటా పుచ్చుకున్నారు. ఆ పాలికాపులకు పెట్టిన పేరు "స్కాలర్లు"!

పోనీ, యజమానులైనా నిజంగా యజమానులేనా? డబ్బు రాకపోకలు సాగే రోనిన్ వంతెనకు అప్పట్లో తొమ్మిది తాళంచెవులుండేవి; ఐదు కలిస్తే సరిపోయేది. నాలుగు కంపెనీవే. ఐదవదాన్ని వాడుకునే అనుమతి 2021 నవంబరులో తీసుకున్నారు. అవసరం తీరినా పూర్తిగా రద్దు చెయ్యలేదు. 2022 మార్చి 23న దొంగలు ఆ ఐదూ చేజిక్కించుకుని 1,73,600 ఈథర్లూ, డాలరుతో ముడిపడిన 2.55 కోట్ల నాణేలూ తరలించారు. ఆరు రోజులదాకా సంగతి బయటపడలేదు.

దీన్ని కేవలం సాంకేతికలోపమని వదిలేద్దామా? యాజమాన్యం అందరిదీ అని చాటినచోట తాళాలు కొద్దిమంది గుప్పిట్లో చేరడమే అసలు లోపం. పోయిన నిల్వలు పూడ్చడానికి కంపెనీ కొత్త పెట్టుబడి తెచ్చుకోగలిగింది. ఆటకూలీగా ముట్టే నాణెం విలువ మాత్రం దొంగతనానికి ముందే కూలిపోయింది. ఆ నష్టం పాలికాపుదే.