నల్లమీట, తెల్లమీట

'స్విచ్చి'కి మీట అనే చక్కని తెలుగుమాట ఉన్నది. దుకాణానికి వెళ్లి ఆ మాట అంటే మాత్రం కుర్రవాడు తెల్లమొగం వేస్తాడు, నాకది అనుభవమే. కనుక రెండు మాటలూ వాడుతాను, మిత్రులు మన్నింతురుగాక.

పెదవాల్తేరులోని మా యింట చెక్కబోర్డుల మీద గుండ్రని నల్లమీటలు మా నాన్నగారి హయాంనుండి ఉండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు గోడలు నానిపోగా, వసారాలోని ఒక్కదాన్ని మినహాయించి అన్నిటినీ తీయించి తెల్లమీటలు పెట్టించాను. రెండేళ్లు తిరక్కుండానే ఒకనాటి ఉదయం మా మనుమరాలు స్నానాలగది మీట నొక్కి, "తాతయ్యా, కాలుతోంది!" అని చెయ్యి వెనక్కి లాక్కున్నది. వెంటనే కమురు వాసన. పిల్లకు ఏమీ కాలేదు గాని నా గుండె చాలాసేపు కుదుటపడలేదు. "పాత సరుకే సరుకు" అని విసుక్కున్నాను. మరమ్మతుకు వచ్చిన పనివాడు నవ్వి, "పాత స్విచ్చి మీద ఏటుండేది మాస్టారూ? ఒక్క బల్బు. దీని మీద గీజరెట్టీసారు!" అన్నాడు.

లెక్క వేసి చూచుకున్నాను. 60 వాట్ల బల్బు 230 వోల్టుల వద్ద తీసుకొనేది పావు ఆంపియరు. 2000 వాట్ల గీజరు తీసుకొనేది దాదాపు 8.7 ఆంపియర్లు. మేము పెట్టించినది 6 ఆంపియర్ల మీట!

అసలు మీటకు ఆయువుపట్టు దాని రంగులో లేదు, అది విడివడే తీరులో ఉన్నది. తొలినాళ్లలో మీటను మెల్లగా విడదీస్తే లోహపు కొసల మధ్య నిప్పురవ్వ సాగి, వాటిని తినివేసేది. 1884లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జాన్ హెన్రీ హోమ్స్ అనే ఆయన, స్ప్రింగు సాయంతో కొసలు చటుక్కున విడిపోయే మీటను రూపొందించాడు. మనం నేటికీ వినే 'టక్' శబ్దం ఆ ఉపాయానిదే. 1907లో బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లండ్ బేకలైటును కనిపెట్టాడు. అది వేడికి కరగదు. కింద పడితే మాత్రం పగులుతుంది. నేటి మేలురకం మీటలలో వాడే పాలికార్బొనేటు దెబ్బకు ఓర్చుకుంటుంది, మితిమీరిన వేడికి మెత్తబడుతుంది. ఏ పదార్థానికి ఆ గుణం, ఆ దోషం.

మన విశాఖలో ఇంకొక శత్రువు ఉన్నది, ఉప్పుగాలి. ఆ ఉప్పు తేమను పీల్చి ఇత్తడి మీద చిలుము పట్టిస్తుంది, ఇనుపమరను తుప్పు తినిపిస్తుంది. (ఉక్కు పోసే ఊళ్లో ఇనుపమర నిలవదంటే పొరుగూరివారు నమ్మరు.) చిలుము పట్టిన చోట, మర వదులైన చోట విద్యుత్తుకు అడ్డు పెరిగి వేడి పుడుతుంది. పనివాడు విప్పి చూపిన మా మీటలో జరిగినది రెండూ కలిసిన పని: పచ్చని చిలుము, దాని మీద మోయలేని బరువు.

ఇప్పుడు నేను దుకాణంలో పైపలక నునుపు చూడను. వెనక్కి తిప్పుతాను. ఐ.యస్. 3854 అని ముద్ర ఉన్నదా, 6 అని ఉన్నదా 16 అని ఉన్నదా, మరలు ఇత్తడివేనా, కొసలకు వెండి మిశ్రమం వాడారా అని అడుగుతాను. గీజరుకు 16 ఆంపియర్లది, దానికి తగిన లావు తీగతో. బిగించేవేళ మెయిన్ ఆపించి, ఫేజు తీగ మీటగుండానే పోతున్నదని టెస్టరుతో చూపించమంటాను. పనివాడు విసుక్కుంటాడు. విసుక్కోనీ.

వసారాలోని నల్లమీట ఇంకా పనిచేస్తూనే ఉన్నది. దాని మీద ఇప్పుడున్నది 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు.