కీచురాళ్ళ నుంచి మాటల దాకా

చెవిలోకి కరెంటు పంపిస్తే ఏం వినిపిస్తుంది? ఇలాంటి సందేహం మన పిల్లలకొస్తే చెవి మెలిపెట్టి కూర్చోబెడతాం. బ్యాటరీ కనిపెట్టిన ఇటలీ దేశపు వోల్టాగారిని మాత్రం కూర్చోబెట్టేవాళ్ళు లేకపోయారు. ఆయన రెండు చెవుల్లోనూ లోహపు కడ్డీలు పెట్టుకుని, వాటిని తన బ్యాటరీకి తగిలించుకున్నాడు. తలలో ఒక్క కుదుపు! ఆ తర్వాత చిక్కటిదేదో కుతకుత ఉడుకుతున్న చప్పుడు. 1800లో లండన్ రాయల్ సొసైటీకి రాసిన ఉత్తరంలో ఆ సంగతంతా చెప్పి, ప్రమాదమనిపించి మళ్ళీ ఆ జోలికి పోలేదన్నాడు. మన వంటింటి భాషలో జావ ఉడికిన చప్పుడన్నమాట.

1957లో పారిస్‌లో జుర్నో, ఎరియెస్ అనే ఇద్దరు, బొత్తిగా వినబడని ఒకాయనకి చెవి నరం దగ్గర తీగచుట్ట అమర్చారు. ఆయనకి వినిపించినవి కీచురాళ్ళు! కొన్నాళ్ళ సాధన మీద నాన్న, అమ్మ లాంటి నాలుగు మాటలు పోల్చుకోగలిగాడు. తీరా ఆ పరికరం చెడింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ చెడింది. పాపం, అంతటితో సరి.

ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ అనే డాక్టరుగారి తండ్రికి చెవుడు. ఆయనది మందుల షాపు. నలుగురిలో చెప్పుకోలేని మందులు కూడా జనం గట్టిగా అరిచి అడగాల్సి వచ్చేదట. ఆ ఇబ్బంది చూస్తూ పెరిగిన కొడుకు చెవి డాక్టరయ్యాడు. లోపలిచెవి నత్తగుల్లలా చుట్టలు తిరిగి ఉంటుంది కదా, తీగ అందులోకి వెళ్ళేదెలా? 1977లో సముద్రపుటొడ్డున ఒక గవ్వలోకి గడ్డిపరక దూర్చి చూశాడు. కొస మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పరక సులువుగా చుట్టు తిరిగింది. 1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో, కారు ప్రమాదంలో వినికిడి పోయిన రాడ్ సాండర్స్‌కి ఆపరేషన్ చేశారు. తర్వాత పరీక్షలో జాతీయగీతం వినిపించగానే ఆయన చటుక్కున లేచి నిటారుగా నిలబడ్డాడు. ఆ ఊపుకి తీగలు ఊడిపోయాయి!

ఇంతకీ దీంతో వినడం మనం వినడం లాంటిదేనా అంటే, కాదు. మన లోపలిచెవిలో శబ్దాన్ని మెదడుకి చేరవేసే కణాలు సుమారు 3500. ఆ పనంతా ఇక్కడ 12 నుంచి 22 దాకా ఉండే ఎలక్ట్రోడ్లు చెయ్యాలి. చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ శబ్దాన్ని అందుకుని, హెచ్చు తగ్గు స్థాయిలుగా విడదీసి లోపలికి పంపుతుంది. మొదట్లో చాలామందికి వినిపించేవి బీప్ బీప్‌లూ, బొమ్మల సినిమాలో గొంతులూను. భర్త గొంతూ, కొడుకు గొంతూ ఒక్కలాగే ఉంటాయి. నెలల తరబడి వినగా వినగా మెదడు వాటిని మాటలుగా మలుచుకుంటుంది. ఒకప్పుడు విన్నవాళ్ళకి జ్ఞాపకం చెయ్యి అందిస్తుందన్నమాట.

సంగీతం మాత్రం కష్టం. మృదంగం దెబ్బ బాగానే అందుతుంది, రాగం అంత తేలిగ్గా చిక్కదు. పెళ్ళిపందిట్లో నలుగురూ ఒక్కసారి మాట్లాడితే గోల తప్ప మాట తెలియదు. రాత్రి తీసి పక్కన పెడితే మళ్ళీ నిశ్శబ్దమే. (కొన్ని ఇళ్ళల్లో అది వరమేనేమో!)

మరి పుట్టుకతోనే వినబడని పసివాడి మాటేమిటి? వాడికి జ్ఞాపకమే లేదు. మాటలు నేర్చే మెదడు లేతగా ఉన్నప్పుడే చెయ్యాలని ఇప్పుడు ఏడాది లోపే ఆపరేషన్ చేసేస్తున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ద్వారా కలిగినవాళ్ళు కాని ఇళ్ళల్లోకీ ఈ పరికరం వచ్చింది. డాక్టర్ల పని కొన్ని గంటలే. తర్వాతి ఏళ్ళ పని ఎక్కువగా తల్లిదే. ఈ చరిత్ర రాసేవాళ్ళు ఆవిడ పేరు ఎక్కడా రాయరు.

ప్రాసెసర్ మొదటిసారి ఆన్ చేసిన రోజు చాలామంది పిల్లలు నవ్వరు, బెదిరిపోయి ఏడుస్తారు. ఆ తల్లి మర్నాడు వాణ్ణి చంకనేసుకుని వంటింట్లో నిలబడుతుంది. కుక్కర్ కూత వెయ్యగానే వాడి చెవి తాకి, "అదిగో, విన్నావా? కుక్కర్!" అంటుంది. వాడు అటు తిరగడు. రెండో కూత కోసం చూస్తుంది.