మూడో తరగతి, జూన్ 12

కళ్లంలో ఉన్నావు. తేజ మిరపకాయలు పట్టాల మీద ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. వంగి తాలు ఏరుతున్నావు. ఘాటుకి గొంతు పట్టేస్తోంది. చేతులు మండుతున్నాయి. ఆ చేతులతో కళ్లు తుడుచుకోకూడదని తెలుసు, కానీ చెమట ఆగదు. కొంగులో ఫోను మోగుతుంది.

"అమ్మా, నవోదయ నుంచి. మీ పాప కాగితాల్లో తేడా ఉంది. రూరల్ కోటాలో కుదరదు. ఒకసారి వచ్చి మాట్లాడండి."

డిసెంబరులో పాప పరీక్ష రాసింది. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. జాబితాలో పేరు వచ్చిన రోజు ఊరంతా మీ గుమ్మంలోనే ఉంది. ఆరు నుంచి పన్నెండు దాకా చదువు, తిండి, పడక, పుస్తకాలు, బట్టలు అన్నీ సర్కారువే. కౌలు చేను మీద బతికే ఇంటికి అదెంత పెద్ద మాటో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

గురువారం పొద్దున చిలకలూరిపేటలో బస్సు దిగి మద్దిరాల ఆటో ఎక్కుతావు. ఉమ్మడి గుంటూరు జిల్లా పిల్లల నవోదయ అక్కడే. కిటికీ అవతలి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడతాడు. కాగితం నీ వైపు తిప్పి వేలు పెట్టి చూపిస్తాడు. మూడో తరగతి ఎదురుగా రెండు బడుల పేర్లు. మొదటిది పట్నంలోది, ఆగస్టు దాకా. రెండోది మీ ఊరిది, ఆగస్టు నుంచి.

"మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లెలో చదివుండాలమ్మా. ఒక్క రోజు పట్నం బడిలో చదివినా అర్బన్ కిందే లెక్క."

ఒక్క రోజుకింత పట్టింపా? ఉన్నవి 80 సీట్లు. అందులో కనీసం 60 పల్లె పిల్లలకే. ఈ గీత లేకపోతే కోచింగుల్లో నలిగిన పట్నం పిల్లలు ఐదో తరగతికి పల్లె బడిలో పేరు రాయించుకుని ఆ 60 కూడా పట్టుకుపోతారు. పల్లెల్లో ఉన్న తెలివైన పిల్లల కోసమే 1986 విద్యావిధానం ఈ బడులను జిల్లా జిల్లాకూ తెచ్చింది. అప్పుడు కేంద్రంలో విద్యాశాఖ చూసింది పి.వి. నరసింహారావు. అంతకు ముందే ఆయన ఇక్కడ ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేలు గురుకులం మొదలైంది, ఆ దారిలోనే మన తాడికొండ గురుకులం వచ్చింది. గీత కఠినమైనదే, కానీ న్యాయమైనదే. నీ పిల్ల దానికి తప్పు వైపున ఎలా పడిందన్నదే ఇప్పుడు తేలాలి.

నీకు తెలుసు ఎలా పడిందో. 2021-22లో నల్ల తామరపురుగు మిరప పూతనంతా తినేసింది. ఆ అప్పు తీరకముందే పట్నం బడి ఫీజు బాకీ పడింది. రెండో తరగతితో అక్కడ మాన్పించి, 2023 జూన్ 12న బడులు తెరిచిన రోజే పాపను ఊరి బడిలో కూర్చోబెట్టావు. పట్నం బడివాళ్లు మాత్రం బాకీ కట్టేదాకా ఆన్‌లైన్‌లో పేరు వదల్లేదు. అందరికీ విద్యాకానుక సంచులు వచ్చినా మీ పాపకు రాలేదు, పేరు ఇంకా ఎక్కలేదన్నారు. ఆగస్టులో వడ్డీకి తెచ్చి కట్టాక పేరు కదిలింది. పిల్ల ఊళ్లో, పేరు పట్నంలో, రెండు నెలలు.

నీ పక్కన నిలబడ్డ ఒకాయన కొడుకు మార్కులు మళ్లీ లెక్కించమని బతిమాలుతున్నాడు. కుదరదంటారు. జవాబు పత్రం మళ్లీ దిద్దడం, మళ్లీ కూడడం నవోదయలో లేవు. ఆరో తరగతి ప్రవేశానికి రెండోసారి రాయడమూ లేదు. తొమ్మిదో తరగతికి వేరే పరీక్ష ఉంది, అది ఖాళీ పడ్డ సీట్లకే. ఆయన ముఖం చూడలేక తల తిప్పుకుంటావు. నీ సంగతి వేరు. నువ్వు అడిగేది మార్కులు కాదు. ఒక తేదీ.

"మంగళవారం లోపు రుజువు తెండమ్మా. తర్వాత వెయిటింగ్ లిస్టులో పిల్లను పిలవాలి."

గేటు బయట టీ కొట్టు. ఎవరో దగ్గరికొస్తాడు. తెల్ల చొక్కా. నీ సంగతంతా అతనికి ముందే తెలుసు.

"అక్కా, కొత్త స్టడీ సర్టిఫికెట్టు. జూన్ తేదీతో. స్టాంపుతో సహా. ఇరవై వేలు. రాత్రికి నీ చేతిలో ఉంటది."

గుండె దడదడలాడుతుంది. జూన్ తేదీ అబద్ధం కాదు. నిజమే కదా. ఇరవై వేలు అప్పు పుడుతుంది. వ్యాపారి ఇస్తాడు. కాయలు రాసిస్తే చాలు.

అతను ఫోను తీస్తాడు. "చెప్పక్కా. చేసేదా?"

పట్టుబడితే? ఎనిమిదిలో ఉన్నా సీటు పోతుంది. సంచీ నెత్తిన పెట్టి పిల్లను ఇంటికి పంపుతారు. ఒక దొంగ కాగితం పెట్టాక నిజం కాగితాన్నీ ఎవరూ నమ్మరు.

ఆటో వస్తుంది.

ఎక్కుతావు.

శుక్రవారం. ఒంటిపూట బడి. పన్నెండున్నర దాటితే తాళం. హెడ్మాస్టరు మేడం నీ మాట సగంలోనే లేచి బీరువా తెరుస్తుంది. దుమ్ము. పాత పట్టీల కట్టలు. అడ్మిషన్ రిజిస్టరు దొరుకుతుంది. వేలు కిందికి జారుతుంది. పాప పేరు. నీ పేరు. 12-06-2023. సిరాతో.

ఊపిరి పీల్చుకుంటావు. మేడం పీల్చుకోదు. హాజరు పట్టీ తీస్తుంది. జూన్ పేజీలో పాప పేరు అట్టడుగున ఉంది, రోజూ హాజరు పడింది. కానీ పేరు పెన్సిలుతో రాసుంది.

"ఆన్‌లైన్‌లో రాలేదని అప్పుడలా రాశామమ్మా. ఇప్పుడెవరు చూసినా మొన్న ఇరికించారంటారు."

సిరా పెన్ను బల్ల మీదే ఉంది. ఇద్దరూ దాన్ని చూస్తారు. ఎవరూ ముట్టుకోరు. మేడం ఆ పేజీని ఉన్నదున్నట్టే జిరాక్సు తీయిస్తుంది, పక్కన తన సంతకం పెడుతుంది, పెన్సిలు ఎందుకు వాడాల్సి వచ్చిందో వేరే కాగితం మీద రాసిస్తుంది. ఆ కాగితం చాలా విలువైనది. తన బడి లెక్కలో లోపాన్ని తన సంతకంతో ఒప్పుకునే మనిషి ఉండబట్టే నీ ఫైలుకు బలం వచ్చింది.

శనివారం ఎంఈవో కార్యాలయం. ఆయన కళ్లజోడు సర్దుకుని రెండూ చదువుతాడు. "మీ బడి చెప్పేది ఇది. మరి వాళ్ల బడి ఏం చెబుతుందో చూడాలి కదా?" ఫోను తీస్తాడు. ప్రైవేటు బడి పట్టీలు అడిగే అధికారం ఆయనకుంది, నీకు లేదు. నువ్వు సమాచార హక్కు కింద అడగొచ్చు, కానీ జవాబుకు 30 రోజుల దాకా పట్టొచ్చు. సీటు అన్నాళ్లు ఆగదు.

మధ్యాహ్నం పట్నం బడి మెట్లెక్కుతావు. అప్పట్లో ఫీజు కోసం నిన్ను నిలబెట్టిన చోటే నిలబడతావు. కాళ్లు వణుకుతాయి. ఎంఈవో పంపిన ఉద్యోగి నీ పక్కనే ఉన్నాడు. పట్టీ వస్తుంది. మూడో తరగతి. 2023 జూన్. పాప పేరు ఉంది.

దాని ఎదురుగా ఏ.

మళ్లీ ఏ. మళ్లీ ఏ. ఆబ్సెంట్.

జూలై. ఏ. ఏ. ఏ. చివరిదాకా. ఒక్క హాజరూ లేదు.

వాళ్ల పట్టీయే నీ సాక్షి. ఎంఈవో పంపిన ఉద్యోగి ఫోటో తీసుకుని నకలు మీద ముద్ర వేయించుకుంటాడు. నువ్వు మెట్ల మీద కూర్చుండిపోతావు.

సోమవారం నరసరావుపేట కలెక్టరేట్, గ్రీవెన్స్. పాసుపుస్తకాలవాళ్లు, పింఛన్లవాళ్లు, పంట నష్టంవాళ్లు వరసలో ఉన్నారు. బడి విషయానికి ఇక్కడికెందుకు? నవోదయ నిర్వహణ కమిటీకి అధ్యక్షుడు జిల్లా కలెక్టరే. ఎమ్మెల్యే సిఫారసు లేఖ తెస్తానని మీ మరిది అన్నాడు. వద్దన్నావు. లేఖలో ఉండేది పెద్దమనిషి పేరు. నీ దగ్గరున్నవి తేదీలు. అర్జీ ఒక్క పేజీ. చివర ఒక్కటే అడిగావు: పేరు ఉన్న రోజులను కాదు, పిల్ల బడిలో కూర్చున్న రోజులను చూడండి. రసీదు మీద నంబరు వేసి ఇస్తారు.

మంగళవారం మళ్లీ మద్దిరాల. ప్రిన్సిపాల్ గది. ఆయన కాగితాలన్నీ వరసగా పరుస్తాడు. సిరా. పెన్సిలు. మేడం రాసిన వివరణ. ఎంఈవో సంతకం. 'ఏ'ల వరస. ఆ వరస దగ్గర చాలాసేపు ఆగుతాడు.

"వెయిటింగులో మొదటి పిల్ల కూడా పల్లెటూరి పిల్లేనమ్మా," అంటాడు. నిన్ను తప్పుపడుతూ కాదు, బరువుగా.

ఆ మాట నీకు గుచ్చుకుంటుంది. ఆ తల్లి కూడా ఇప్పుడే ఏదో కళ్లంలో వంగి ఉండొచ్చు, ఫోను దగ్గర పెట్టుకుని. ఆమెకు చెప్పగలిగిందేమీ నీ దగ్గర లేదు. నీ పిల్ల దొంగతనంగా ఆ వరసలోకి రాలేదు, అంతవరకే చెప్పగలవు.

"నా స్థాయిలో తేల్చలేను. హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయానికి పంపుతున్నాను. జవాబు వచ్చేదాకా ఈ సీటు ఎవరికీ ఇవ్వం."

"నకలు మీద ముద్ర వేసివ్వండి సార్."

ఆయన తలెత్తి చూస్తాడు. వేసిస్తాడు. తేదీ కూడా రాయమంటావు. రాస్తాడు.

ఆటోలోంచి మేడంకు ఫోను చేస్తావు. ముద్ర పడిందా అని ఆవిడే ముందు అడుగుతుంది. పడిందంటావు.

"మంచిది. మోడల్ స్కూలు ఆరో తరగతి దరఖాస్తుకు ఇంకా గడువుంది. పాప ఆధార్, ఫోటో తీసుకుని రేపు పొద్దున్నే రామ్మా. ఒంటిపూటే, మరిచిపోకు."