ప్రతి, కర్తృత్వం, రక్షణ: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంత గ్రంథచరిత్ర నేపథ్యంలో ఎలక్ట్రానిక్ పుస్తకాల అనధికార నకలు

కీలక పదాలు: తాళపత్రం, ఆశ్వాసాంత గద్యం, కాపీరైటు, ఎలక్ట్రానిక్ పుస్తకం, సాంకేతిక రక్షణ, పైరసీ, గ్రంథాలయం

ప్రస్తావన

ఎలక్ట్రానిక్ పుస్తకాన్ని అనధికార నకలు నుంచి ఎలా కాపాడాలన్నది సాధారణంగా సాంకేతిక సమస్యగానే చర్చకు వస్తుంది. తాళం ఎంత గట్టిదైతే రచయితకు అంత మేలన్న నమ్మకం ఆ చర్చ వెనుక ఉంటుంది. అయితే పుస్తకానికీ నకలుకూ ఉన్న సంబంధం అంత సరళమైనది కాదు. తాళపత్రాల కాలంలో నకలు తీయడమే పుస్తకాన్ని బతికించే మార్గం. అచ్చు వచ్చిన తరువాత నకలు తీసే హక్కు ఒక ఆస్తి అయింది. నకలుకు ఖర్చు దాదాపు లేకుండా పోయిన నేటి కాలంలో ఆ ఆస్తికి తాళం వేయవలసి వస్తోంది.

2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో అధిక భాగం పూర్వపు వరంగల్లు జిల్లాకు చెందినది. శిలాశాసనం, తాళపత్రం, పల్లెటూరి అచ్చుయంత్రం, చేతిఫోనులోని పీడీఎఫ్ అనే నాలుగు దశలకూ ఇక్కడ నిదర్శనాలు లభిస్తాయి. ఈ ప్రాంత గ్రంథచరిత్ర ఆధారంగా, కాపాడవలసింది ప్రతినా, కర్తృత్వాన్నా, రచయిత జీవనాధారాన్నా అన్న ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

శాసనం, తాళపత్రం: నకలే రక్ష

భూపాలపల్లి జిల్లా ఘనపురంలోని కోటగుళ్లు కాకతీయుల కాలపు నిర్మాణాలు. ఆ యుగపు శాసనాలలో దానాన్ని అపహరించినవారికి పాపం తగులుతుందని చెప్పే శాపవాక్యాలు చివర కనిపించడం పరిపాటి. ఆ శాపం దానానికి రక్ష. శాసనపాఠాన్ని ఎవరైనా రాసుకుపోతారన్న భయం అందులో లేదు. రాయి ఒకచోటే ఉంటుంది కనుక తరువాతి కాలపు చరిత్రకారులు దానిమీద తడికాగితం అద్ది, సిరాతో అచ్చు తీసి చదివారు. ఎండకూ వానకూ అరిగిన శాసనాలు కొన్నింటికి ఆ అచ్చే ఇప్పుడు ఆధారం.

తాళపత్ర లేఖకుల ఆలోచన కూడా ఇటువంటిదే. నకలు పూర్తయ్యాక లేఖకులు చేర్చే సంప్రదాయ శ్లోకాలు పుస్తకానికి పొంచి ఉన్న ఆపదలను వరుసగా చెబుతాయి: నూనె, నీరు, వదులైన కట్టు, అయోగ్యుని చేయి. ఈ జాబితాలో నకలు లేదు. ఆకు చెదలు పట్టి శిథిలమయ్యేలోగా మరొక ఆకుమీదికి ఎక్కకపోతే గ్రంథం నశిస్తుంది కనుక లేఖకుని దృష్టిలో నకలు ఆపద కాదు, ఆపదకు మందు.

జనగామ జిల్లా పాలకుర్తికి చెందినవాడుగా ప్రసిద్ధి పొందిన పాల్కురికి సోమనాథుని బసవపురాణం ఇందుకు మంచి ఉదాహరణ. సంస్కృత వృత్తాలకు బదులు ద్విపదను ఎంచుకోవడంలోనే ఆ కావ్యం పదిమంది నోళ్లలో పాడబడాలన్న కోరిక ఉంది. 1369లో భీమకవి దాన్ని కన్నడంలోకి తెచ్చాడు. నేటి చట్టం ప్రకారం అనువాదానికి మూలకర్త అనుమతి కావాలి. ఆనాడు అనువాదం మూలకర్త కీర్తికి విస్తరణ అయింది.

పాలకుర్తి మండలంలోనే ఉన్న బమ్మెర పోతన స్వగ్రామంగా ప్రసిద్ధం. ఆయన భాగవతాన్ని అంకితం కోరిన రాజుకు ఇవ్వనందున గ్రంథం భూస్థాపితమై కొంత శిథిలమైందన్నది ఐతిహ్యం. ఐతిహ్యంలోని వాస్తవమెంత అన్నది వేరే చర్చ. గ్రంథచరిత్ర దృష్టిలో అది చెప్పే విషయం మాత్రం స్పష్టం: ఒకే ప్రతి ఉన్న గ్రంథం ఎప్పుడూ ప్రమాదంలోనే ఉంటుంది. నేడు లభిస్తున్న భాగవతంలో పంచమస్కంధం గంగన, షష్ఠస్కంధం ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారయ రచనలు.

ఈ సంగతి నేటి పాఠకునికి తెలియడానికి ప్రధానాధారం స్కంధాంత గద్యాలు. ఆశ్వాసం చివరనో స్కంధం చివరనో కవి తన పేరును, తండ్రి పేరును, గ్రంథనామాన్ని చెప్పుకోవడం తెలుగు కావ్య సంప్రదాయం. గ్రంథమంతా పోతన భాగవతంగానే ప్రచారమైనా, తరతరాల లేఖకులు ఆ గద్యాలను కూడా నకలు చేసినందువల్ల మిగిలిన ముగ్గురి పేర్లు నిలిచాయి. ప్రతిని ఎవరైనా రాసుకోవచ్చు, కర్త పేరును మాత్రం చెరపరాదు అన్న అలిఖిత నియమం ఇందులో ఉంది. తాళపత్ర యుగం కాపాడుకున్నది కర్తృత్వాన్ని.

అచ్చుయంత్రం: శ్రమ, ఖర్చు, హక్కు

తాళపత్ర వ్యవస్థలో కవికి జీవనాధారం రాజాశ్రయమో, ఆలయమో, పోతనకు వలె సేద్యమో. పాఠకుడు డబ్బిచ్చి ప్రతి కొనే వ్యవస్థ అచ్చుతో వచ్చింది. ఈ మార్పు నిజాం రాజ్యంలోని ఒక పల్లెకు ఎలా చేరిందో చూపే ఘట్టం మహబూబాబాద్ జిల్లా ఇనుగుర్తిలో ఉంది. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ఆ ఊళ్లోనే అచ్చుయంత్రం నెలకొల్పి 1922లో ‘తెనుగు’ వారపత్రికను ప్రారంభించారు. రచన, కూర్పు, ముద్రణ, చందాదారులకు పంపడం వరకు భారమంతా ప్రధానంగా ఆ సోదరులదే. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో, రాజధానికి దూరంగా, చందాలమీద ఆధారపడి తెలుగు పత్రిక నడపడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఈ ఘట్టం ప్రస్తుత సమస్యకు రెండు వైపులా సాక్ష్యం ఇస్తుంది. అచ్చుపుస్తకం వెనుక కాగితం, సిరా, అక్షరాల కూర్పు, తపాలా ఖర్చు ఉంటాయి. చందా ఇవ్వకుండా అందరూ చదివితే పత్రిక ఆగిపోతుంది. కనుక అనధికార నకలు వల్ల కలిగే నష్టం నిజమైనదే. రెండో వైపు చూస్తే, ‘తెనుగు’ సంచికలు నేడు అత్యంత అరుదు. ఆ పత్రికకు కాలక్రమంలో ఎదురైన పెద్ద ఆపద ఎక్కువ నకళ్లు కాదు, తక్కువ నకళ్లు.

అదే కాలంలో గ్రంథాలయోద్యమం ఈ రెండు అవసరాల మధ్య ఒక మార్గం చూపింది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఏర్పడ్డాయి. గ్రంథాలయం ఒక ప్రతిని కొంటుంది, వందమంది చదువుతారు. ప్రచురణకర్తకు ధర దక్కుతుంది, పేద పాఠకునికి పుస్తకం దక్కుతుంది, ప్రతి భద్రంగా ఉంటుంది. ఎలక్ట్రానిక్ పుస్తకాల విషయంలో కొరవడినది సరిగ్గా ఇటువంటి సంస్థే.

చట్టం గీసిన గీత

1914 నాటి చట్టం స్థానంలో వచ్చిన 1957 భారత కాపీరైటు చట్టం 1958 జనవరి 21 నుంచి అమలులోకి వచ్చింది. రచయిత జీవితకాలం, ఆ తరువాత 50 సంవత్సరాలు అన్న వ్యవధిని 1992 సవరణ 60 సంవత్సరాలకు పెంచింది. మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో జన్మించిన దాశరథి కృష్ణమాచార్య 1987లో మరణించారు. ఆయన జీవితకాలంలో వెలువడిన రచనలపై హక్కు 2047 చివరి వరకు ఉంటుంది. 2015లో మరణించిన సోదరుడు దాశరథి రంగాచార్య నవలలపై హక్కు 2075 చివరి వరకు ఉంటుంది. ఇద్దరు కలిసి రాసిన గ్రంథానికి చివర మరణించినవారి నుంచి లెక్క మొదలవుతుంది. సోమనాథ పోతనల మూలపాఠాలు ఎవరైనా ముద్రించవచ్చు. కాని పరిష్కర్త కొత్తగా రాసిన పీఠికకూ వ్యాఖ్యానానికీ వేరే హక్కు ఉంటుంది. పాత పుస్తకమంటే హక్కు లేని పుస్తకమని భావించి స్కాన్ చేసి పంచేవారు ఈ భేదాలను తరచూ విస్మరిస్తున్నారు.

2012 సవరణ ఎలక్ట్రానిక్ పుస్తకాలకు నేరుగా సంబంధించింది. హక్కును ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక తాళాన్ని ఛేదించినవారికి 65ఎ సెక్షన్ రెండేళ్ల వరకు జైలు, జరిమానా విధిస్తుంది. ఇక్కడ ‘ఉద్దేశంతో’ అన్న మాట కీలకం. చట్టం స్పష్టంగా నిషేధించని ప్రయోజనం కోసం చేసే పనికి ఈ సెక్షన్ అడ్డు రాదు. గ్రంథకర్త పేరు, గ్రంథనామం, వినియోగ షరతుల వంటి హక్కు వివరాలను తెలిసి తొలగించడాన్ని 65బి నేరంగా పరిగణిస్తుంది. స్కంధాంత గద్యాన్ని చెరపరాదన్న లేఖక సంప్రదాయానికి ఇది ఆధునిక న్యాయరూపం అనవచ్చు. అదే సవరణ ద్వారా, వాణిజ్యేతర ప్రజాగ్రంథాలయం తన వద్ద ఉన్న అచ్చుప్రతిని పరిరక్షణ కోసం ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరచుకోవడానికి 52వ సెక్షన్‌లో అవకాశం కలిగింది. దొంగిలించే నకలు వేరు, బతికించే నకలు వేరు అని చట్టమే గుర్తించింది.

న్యాయస్థానాలు కూడా ఈ భేదాన్ని పాటించాయి. విశ్వవిద్యాలయ పాఠ్యాంశాల కోసం పుస్తక భాగాలను ఫొటోకాపీ తీసి విద్యార్థులకు ఇవ్వడం బోధనలో భాగం కావచ్చునని ఢిల్లీ హైకోర్టు 2016లో తీర్పు చెప్పింది. అదే హైకోర్టు 2022లో, పోటీపరీక్షల పుస్తకాలను టెలిగ్రామ్ చానళ్లలో అనధికారికంగా పంచినవారి వివరాలను వెల్లడించాలని ఆ సంస్థను ఆదేశించింది. బొగ్గుగనుల పట్టణం భూపాలపల్లిలోనైనా, జనగామలోనైనా ఉద్యోగ పరీక్షలకు చదివే యువతకు ఈ రెండో తీర్పు దూరపు విషయం కాదు. గైడు ధర భారమైన విద్యార్థికి పీడీఎఫ్ వరంగా కనిపిస్తుంది. ఆ గైడు రాసిన అధ్యాపకునికి, ముద్రించిన చిన్న ప్రచురణకర్తకు మాత్రం అది రెండో ముద్రణను ఆపే దెబ్బ.

తాళాల పరిమితులు

ఎలక్ట్రానిక్ పుస్తక రక్షణలో రెండు పద్ధతులు ప్రధానమైనవి. మొదటిది పుస్తకాన్ని సంకేతీకరించి, కొనుగోలుదారుని ఖాతాకో పరికరానికో తాళంచెవిని ముడిపెట్టడం. రెండోది తాళం వేయకుండా ప్రతి పుటలో కొనుగోలుదారుని గుర్తు ఉంచడం. పుస్తకం బయటకు పోతే అది ఎవరి ప్రతి నుంచి పోయిందో ఆ గుర్తు చెబుతుంది. తెరమీది పుటను మరో ఫోనుతో ఫొటో తీయడాన్ని మాత్రం ఏ సంకేతీకరణా ఆపలేదు. పుస్తకం చదవడానికి కనిపించక తప్పదు, కనిపించినదాన్ని నకలు తీయవచ్చు.

తాళం చెవి దుకాణం చేతిలో ఉండటం వల్ల మరొక ప్రమాదం ఉంది. 2009లో అమెజాన్ సంస్థ, హక్కు లేని ప్రచురణకర్త అమ్మిన కారణంగా, జార్జ్ ఆర్వెల్ నవలలను పాఠకుల కిండిల్ పరికరాల నుంచి తొలగించింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తక విక్రయశాలను మూసివేసినప్పుడు అక్కడ కొన్న పుస్తకాలు తెరుచుకోకుండా పోయాయి. డబ్బు తిరిగి ఇచ్చారు కాని పుస్తకం నిలవలేదు. చెదపురుగు చేసే పనిని ఇక్కడ దుకాణం మూత చేసింది.

తెలుగుకు మరొక ప్రత్యేక సమస్య ఉంది. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే స్థానం దొరికినా, ప్రచురణరంగం చాలాకాలం అను వంటి ప్రత్యేక ఖతులమీదనే నడిచింది. ఆ ఖతులతో తయారైన పీడీఎఫ్ నుంచి వాక్యాన్ని నకలు చేస్తే అర్థంలేని అక్షరాలు వస్తాయి. ఎవరూ ఉద్దేశించని తాళం ఇది. పుటలను యథాతథంగా పంచుకునే పైరసీదారుకు ఇది అడ్డు కాదు. పదం వెతుక్కునే పరిశోధకునికి, తెరచదువరి సాయంతో వినే అంధ పాఠకునికి మాత్రం అడ్డు.

గ్రంథ నిక్షేపం విషయంలోనూ లోటు ఉంది. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చుపుస్తకం వెలువడిన 30 రోజులలో జాతీయ గ్రంథాలయానికీ, మరి మూడు ప్రజాగ్రంథాలయాలకూ ప్రతులు అందజేయాలి. అచ్చును దృష్టిలో ఉంచుకొని చేసిన ఆ చట్టం ఎలక్ట్రానిక్ రూపంలో మాత్రమే వెలువడే పుస్తకానికి వర్తించే విధంగా లేదు. అటువంటి తెలుగు నవల దుకాణంతోపాటు మాయమైతే, ‘తెనుగు’ సంచికలకు పట్టిన గతే దానికీ పడుతుంది.

ముగింపు

ఈ ప్రాంత గ్రంథచరిత్ర నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, కర్తృత్వ రక్షణ ఈ నేలకు కొత్త కాదు. ఆశ్వాసాంత గద్యం ఆ పని శతాబ్దాలుగా చేసింది. ఎలక్ట్రానిక్ పుస్తకంలో కర్త పేరు, హక్కుదారు, ప్రచురణ సంవత్సరం ప్రతి ప్రతితోపాటు ప్రయాణించే ఏర్పాటు తాళంకంటె ముందు కావాలి. రెండు, రచయిత జీవనాధారం అచ్చు యుగం నుంచి పాఠకుని కొనుగోలుమీద ఆధారపడింది. పల్లెలో పత్రిక నడిపినవారి శ్రమను గౌరవించే సమాజం, ఉచిత పీడీఎఫ్‌ను హక్కుగా భావించకూడదు. అందుబాటు ధర, కొనుగోలుదారుని గుర్తు, ప్రజాగ్రంథాలయాల ద్వారా ఎరువు ఇందుకు తగిన సాధనాలు. మూడు, తాళం వేసిన ప్రతి పుస్తకానికి తాళం లేని ప్రతి ఒకటి బాధ్యతగల గ్రంథాలయంలో నిక్షేపమై ఉండాలి.

పైరసీని నిరోధించడం, గ్రంథాన్ని పరిరక్షించడం ఒకటే పని కాదు. మొదటిది బతికి ఉన్న రచయితకు సమాజం చెల్లించవలసిన బాకీ. రెండోది రాబోయే పాఠకునికి చెల్లించవలసిన బాకీ. ఒక బాకీ తీర్చే ఏర్పాటు రెండో బాకీని ఎగవేసేదిగా ఉండరాదన్నది బమ్మెర, ఇనుగుర్తి గ్రంథచరిత్రలు కలిసి చెబుతున్న విషయం.